ఒకే చిక్కు, ఇందరి దగ్గర: ప్రొఫెషనల్ కోచింగ్‌లో నా అనుభవం

విశాఖపట్నం దగ్గర పరవాడ ఫార్మా సిటీలోని ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్ బాధ్యతలు నాకు అప్పగించిన కొన్ని నెలలకు, కొత్తగా మేనేజర్లయిన వారికి ఒక ప్రొఫెషనల్ కోచ్‌ను ఏర్పాటు చేస్తున్నామని మా హెచ్‌ఆర్ విభాగం నుంచి మెయిల్ వచ్చింది. అప్పటికే నేనొక చిక్కులో ఉన్నాను. దానిని నేను మెంటర్‌గా భావించే ఒక పెద్దాయనకు చెప్పుకున్నాను, ఒక శిక్షణ తరగతిలో అడిగి చూశాను, ఆడిట్ కోసం వచ్చిన కన్సల్టెంట్ ముందు కూడా పెట్టాను. కోచ్ తరువాత అదే చిక్కు నన్ను ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి కూడా తీసుకువెళ్లింది. ఒకే విషయాన్ని ఇంతమంది ముందు పెట్టినప్పుడు ఎవరు దేనిని అందుకుంటారో, దేనిని తమది కాదని పక్కన పెడతారో దగ్గరగా చూడగలిగాను. కోచింగ్ గురించి చదివిన నిర్వచనాల కన్నా నాకు ఎక్కువ తెలియజెప్పింది ఆ తేడాయే గనుక దాని గురించే రాస్తున్నాను.

చిక్కు ఏమిటో ముందు చెప్పాలి. మా ల్యాబ్‌లో నాకన్నా చాలా సీనియర్ ఒకరున్నారు. నేను ఎమ్మెస్సీ ముగించి కొత్తగా చేరిన రోజుల్లో మందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం కాలమ్‌ను ఎలా కడగాలో, ఆ యంత్రం గీసే గ్రాఫులో, అంటే క్రొమటోగ్రామ్‌లో, పెద్ద పీక్ పక్కన లేచే చిన్న బుడిపెను చూసీచూడనట్టు ఎందుకు వదిలేయకూడదో దగ్గర కూర్చోబెట్టుకొని నేర్పినవారు ఆయనే. నేను ఆయనను ‘సార్’ అంటాను, ఆయన నన్ను ‘అమ్మా’ అంటారు. పదోన్నతి వచ్చాక ఆయన నా కింద పనిచేయవలసి వచ్చింది గానీ పిలుపులు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఏదైనా బ్యాచ్ ఫలితం నిర్దేశించిన పరిమితులకు బయట పడితే, దానిని మేము ఓఓఎస్ అంటాము, కారణం వెతికి, విచారణ నివేదిక రాసి, గడువులోగా ముగించాలి. ఆ నివేదికలు సార్ బల్ల మీద ఆగిపోతున్నాయి. గడువు దాటిన ప్రతి నివేదికకూ రేపు ఆడిట్‌లో సంజాయిషీ చెప్పుకోవలసింది నేను. ఆయనతో ఆ మాట అనవలసిన ప్రతిసారీ నాకు నోరు పెగిలేది కాదు. ‘పరవాలేదు సార్, రేపు చూద్దాం’ అని వచ్చేసేదాన్ని.

మొదట చెప్పుకున్నది, మరొక కంపెనీలో క్వాలిటీ విభాగాధిపతిగా పనిచేసి రిటైరై ఎంవీపీ కాలనీలో ఉంటున్న ఆ పెద్దాయనతో. మెంటర్ చేసే పని ఏమిటో ఆయన మొదటి వాక్యంలోనే తెలిసిపోయింది. ‘నాకూ ఇలాంటిదే వచ్చిందమ్మా’ అని మొదలుపెట్టి, తనకన్నా పెద్దవాడైన ఒక కెమిస్టును సాయంత్రం గేటు బయట టీ కొట్టు దగ్గరికి తీసుకువెళ్లి, కుటుంబం సంగతులు అడిగి, టీ అయిపోయే ముందు అసలు మాట ఎలా చెప్పారో వివరించారు. తాను నడిచిన దారిని చూపించడం, అందులో ఎక్కడ గోతులున్నాయో ముందే హెచ్చరించడం, అవసరమైతే నాలుగు ఫోన్లు చేసి నలుగురిని పరిచయం చేయడం మెంటర్ వల్ల కలిగే మేలు. ఫార్మా రంగం గురించి ఆయనకు తెలిసినదాంట్లో నాకు సగం కూడా తెలియదు. అయితే ఆ దారి ఆయనది. గేటు బయట టీ కొట్టు దగ్గర ఇద్దరు మగవాళ్లు నిలబడి తేల్చుకున్న మాటను, తండ్రి వయసున్న మనిషితో నేను అదే చోట అదే తీరుగా తేల్చుకోలేనని ఆయనకు తట్టలేదు, తట్టనందుకు నేను ఆయనను తప్పుపట్టడమూ లేదు.

శిక్షణ తరగతి బీచ్ రోడ్డులోని ఒక హోటల్లో జరిగింది. క్లిష్టమైన సంభాషణలు ఎలా నడపాలన్నది అంశం. జరిగినదాన్ని విశేషణాలు లేకుండా చెప్పాలి, దాని ప్రభావం చెప్పాలి, ఆ తరువాత కావలసినది అడగాలి అనే క్రమాన్ని చక్కగా నేర్పారు. ఆ తరువాత జంటలుగా విడదీసి అభ్యాసం చేయించారు. నా ఎదుట సార్ పాత్ర వేసింది షిప్పింగ్ ఏజెన్సీ నుంచి వచ్చిన పాతికేళ్ల కుర్రాడు. అతనితో నేను అనర్గళంగా మాట్లాడాను, అందరూ మెచ్చుకున్నారు కూడా. సోమవారం ల్యాబ్‌లో సార్ ఎదురుపడగానే ఆ క్రమం గుర్తుంది గానీ గొంతు సహకరించలేదు. శిక్షణలో సిలబస్ ముందే ఉంటుంది, అది కూర్చున్నవారందరికీ ఒకటే. ఆ మాటకొస్తే ద్వారకానగర్‌లో బ్యాంకు పరీక్షలకూ గ్రూప్స్‌కూ ఇచ్చే కోచింగ్ కూడా ఈ కోవలోకే వస్తుంది. ఏం నేర్పాలో తెలిసిన మాస్టారు, సరైన జవాబు ఒకటి ఉన్న ప్రశ్న, చివరన ఒక పరీక్ష. లేని నైపుణ్యం సంపాదించుకోవడానికి అంతకన్నా మంచి మార్గం లేదు. నా విషయంలో కొరవడినది నైపుణ్యమేనా అన్నది వేరే సంగతి.

కన్సల్టెంటును కంపెనీయే పిలిపించింది, నా కోసం కాదు, రాబోయే ఆడిట్ కోసం. ఆయన మా రిజిస్టర్లు తిరగేసి, నివేదిక ఎక్కడ మొదలై ఎవరెవరి చేతులు మారి ఎక్కడ ముగుస్తుందో గీసి చూపించి, రెండో సమీక్ష ఒక్కరి మీదే ఆధారపడి ఉండడం వల్ల జాప్యం జరుగుతోందని, ఇద్దరు సమీక్షకులు ఉండాలని, నివేదికకు ఒక స్థిరమైన నమూనా ఉండాలని రాసి ఇచ్చారు. ఆ సిఫారసులు సరైనవే, అమలు చేశాము, కొంత ఫలితం కూడా కనిపించింది. సమస్యను నిర్ధారించడం, పరిష్కారం చెప్పడం, చెప్పిన పరిష్కారానికి పూచీపడడం, అందుకు ఫీజు తీసుకోవడం ఆయన వృత్తి. ఆయన గీసిన పటంలో సార్ ఒక పెట్టె, నేను మరొక పెట్టె. రెండింటి మధ్య ఒక బాణం గుర్తు. ఆ బాణం దగ్గరే నాకు నోరు పెగలడం లేదని ఆ పటంలో రాయడానికి చోటు లేదు.

హెచ్‌ఆర్ మెయిల్ వచ్చేసరికి పరిస్థితి ఇదీ. మొదట కోచ్‌తో ఒక పరిచయ సమావేశం పెట్టారు. ఇద్దరికీ పొసగుతుందో లేదో చూసుకోవడానికి ఉద్దేశించిన ఆ సమావేశాన్ని ఈ వృత్తిలో ‘కెమిస్ట్రీ మీటింగ్’ అంటారని తెలిసి, కెమిస్ట్రీతోనే పొట్టపోసుకుంటున్న నాకు నవ్వు వచ్చింది. సిరిపురంలో ఒక చిన్న ఆఫీసు గది. ఆవిడ చాలా ఏళ్లు బ్యాంకులో అధికారిగా పనిచేసి ఆ తరువాత ఈ వృత్తిలోకి వచ్చారు. ఫార్మా కంపెనీ గడప ఎప్పుడూ తొక్కలేదని ఆవిడే చెప్పారు. అలాంటప్పుడు నాకు ఏం చెప్పగలరని మర్యాదగానే అడిగాను.

‘ఏమీ చెప్పలేను మేడం. మీ ల్యాబ్ గురించి మీకు తెలిసినంత నాకు తెలియదు, తెలుసుకున్నా మీ బదులు నేను నిర్ణయం తీసుకోను. సలహా చెప్పేవారు కావాలనుకుంటే నేను సరైన మనిషిని కాను, ఆ సంగతి ఇప్పుడే చెప్పడం మంచిది’ అన్నారు.

ఆ మాట నాకు వెంటనే మింగుడు పడలేదు. డబ్బు తీసుకొని సలహా చెప్పనని ముందే ప్రకటించే వృత్తి ఏమిటని ఇంటికి వచ్చి మావారితో అన్నాను. అయితే ఈ వృత్తికి ప్రపంచవ్యాప్తంగా ప్రమాణాలు పెట్టే ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్, అంటే 1995లో థామస్ లియొనార్డ్ అనే అమెరికన్ ఆర్థిక సలహాదారు ప్రారంభించిన సంస్థ, కోచింగ్‌ను నిర్వచించేది కూడా ఇంచుమించు ఇలాగేనని తరువాత చూశాను. క్లయింట్‌తో భాగస్వామిగా ఉంటూ, ఆలోచనను రేకెత్తించే ప్రక్రియ ద్వారా ఆ వ్యక్తి తన సామర్థ్యాన్ని పూర్తిగా వినియోగించుకునేలా ప్రేరేపించడం కోచింగ్ అని వారు అంటారు. దానిలో కీలకమైనది భాగస్వామ్యమే. ఎదుటి మనిషికి తన పని తెలుసుననీ, ఎలా చేసుకోవాలో ఆలోచించగల శక్తి ఉందనీ కోచ్ ముందుగా నమ్మాలి. ఆ నమ్మకం చెల్లని చోట కోచింగ్ పనికిరాదు. దాని సంగతి తరువాత వస్తుంది.

ఒప్పందం మీద ఇంత సమయం పెడతారని నేను ఊహించలేదు. డబ్బు కట్టేది కంపెనీ గనుక కంపెనీని స్పాన్సర్ అంటారు, కూర్చునేది నేను గనుక నన్ను క్లయింట్ అంటారు, ఈ ఇద్దరి ప్రయోజనాలూ ఎప్పుడూ ఒకటే కావు. అందుకని హెచ్‌ఆర్ మేనేజరు, కోచ్, నేను ముగ్గురం కలిసి కూర్చొని, ఎన్ని సెషన్లు, ఒక్కొక్కటి ఎంతసేపు, రద్దు చేసుకోవాలంటే ఎప్పటిలోగా చెప్పాలి, లక్ష్యం ఏమిటి, మధ్యలో మానేయదలిస్తే ఎలా అన్నవి రాసుకున్నాము. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు, కంపెనీకి ఏం తెలుస్తుంది అన్నది. నేను సెషన్‌కు వచ్చానా లేదా, అనుకున్న లక్ష్యం వైపు కదలిక ఉందా లేదా, ఈ రెండే తెలుస్తాయని, గదిలో మాట్లాడినది చట్టం కోరినప్పుడో ఎవరి ప్రాణానికైనా ప్రమాదం ఉందనిపించినప్పుడో తప్ప బయటికి రాదని రాశారు. కాగితం మీద రాసుకున్నదానికి విలువ కొన్ని వారాలకే తెలిసింది. నేను పెద్ద విభాగాన్ని నడపగలనా అని హెచ్‌ఆర్ నుంచి ఒకరు ఆవిడ అభిప్రాయం అడిగారట. అది తాను చెప్పవలసినది కాదని సమాధానమిచ్చి, అడిగారన్న సంగతి నాకూ చెప్పారు. ఆ తరువాతే నేను ఆ గదిలో పూర్తిగా నోరు విప్పాను.

మొదటి సెషన్‌లో లక్ష్యం ఏమిటని అడిగితే ‘సార్ రిపోర్టులు టైముకి ఇవ్వాలి’ అన్నాను.

‘అది సార్ చేయవలసిన పని కదా. ఆయన ఈ గదిలో లేరు. మీ చేతిలో ఉన్నది ఏమిటి?’

చాలాసేపు తర్జనభర్జన పడ్డాక, సార్ పట్ల గౌరవం చెడకుండా, గడువు సంగతి దాచిపెట్టకుండా, ఎదురుగా కూర్చొని మాట్లాడగలగాలి అన్న రూపానికి వచ్చింది. లక్ష్యం, ఉన్న పరిస్థితి, ఉన్న మార్గాలు, చేయబోయే పని అనే నాలుగు మెట్ల క్రమాన్ని చాలామంది కోచ్‌లు వాడతారు. ఆంగ్ల పదాల తొలి అక్షరాలు కలిపి దానిని ‘గ్రో’ నమూనా అంటారు. దానికి ప్రచారం తెచ్చినవారిలో ముఖ్యుడు, ఒకప్పుడు కారు పందేల డ్రైవరుగా ఉండిన బ్రిటన్ దేశస్థుడు జాన్ విట్‌మోర్. ఆయనకు దారి చూపినవాడు అమెరికాలో టెన్నిస్ నేర్పిన టిమొతీ గాల్వే. బంతిని ఎలా కొట్టాలో చెప్పడం తగ్గించి, బంతి మీద ఆటగాడి గమనం నిలిచేలా చేస్తే ఆట దానంతట అదే మెరుగుపడుతుందని 1970ల్లో ఆయన గమనించి రాశాడు. మా కోచ్ గారి ప్రశ్నల వెనుక ఉన్నది ఆ సూత్రమేనని ఇప్పుడు అర్థమవుతోంది. ‘ఎందుకు చేయలేదు’ అని ఆవిడ దాదాపు ఎప్పుడూ అడగలేదు, ‘అప్పుడు ఏం జరిగింది’, ‘మీరు ఏం గమనించారు’ అనే అడిగేవారు. ‘ఎందుకు’ అని అడిగి ఉంటే నేను సంజాయిషీ ఇచ్చేదాన్ని.

ఒక సెషన్‌లో జరిగినది కాస్త వివరంగా చెబుతాను. మార్గాల గురించి మాట్లాడుతున్నాము. మెంటర్ చెప్పిన టీ కొట్టు పద్ధతి, శిక్షణలో నేర్చుకున్న క్రమం, రెండూ చెప్పి రెండూ కుదరలేదన్నాను. ఆవిడ కాసేపు ఊరుకొని, ‘మీరు కొత్తగా చేరినప్పుడు మీ పనిలో తప్పు కనిపిస్తే సార్ మీతో ఎలా మాట్లాడేవారు?’ అని అడిగారు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆవిడ తొందరపెట్టలేదు, గ్లాసు నాకు దగ్గరగా జరిపారే గానీ ఇంకో ప్రశ్న వేయలేదు. కిటికీ అవతల సిరిపురం కూడలి ట్రాఫిక్ మోత మాత్రం వినిపిస్తోంది. అప్పుడు గుర్తుకు వచ్చింది: సార్ ఏనాడూ ‘నువ్వు తప్పు చేశావు’ అనలేదు. క్రొమటోగ్రామ్ ప్రింటు తీసి నా ముందు బెంచీ మీద పరిచి, పెన్సిలు మొనను పీక్ దగ్గర ఆనించి, ‘ఇక్కడ నీకేం కనిపిస్తోందమ్మా?’ అనేవారు. నాకు కనిపించేదాకా ఆగేవారు. ఆ మాట నేను పైకి చెబుతూ చెబుతూనే, ఏం చేయాలో నాకు తెలిసిపోయింది. ఆవిడ అడిగింది ఒక్కటే: ‘ఎప్పుడు చేస్తారు?’

ఆ వారంలోనే ఏ ఓఓఎస్ నివేదిక ఎవరి దగ్గర ఉందో, ఏది గడువు దాటిందో చూపే ట్రాకర్‌ను ప్రింటు తీసి, ల్యాబ్ ఖాళీగా ఉన్న వేళ సార్ బెంచీ దగ్గరికి వెళ్లి, స్టూలు లాక్కొని పక్కన కూర్చొని, కాగితం ఆయన ముందు పరిచి ‘ఇక్కడ మీకేం కనిపిస్తోంది సార్?’ అన్నాను. ఆయన కళ్లజోడు సవరించుకొని చాలాసేపు చూశారు. ఎరుపు రంగు గడులన్నీ తన పేరు మీదే ఉన్నాయని ఆయనే అన్నారు. ఆ తరువాత, కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో నివేదిక నేరుగా రాయడం తనకు చేతకావడం లేదని, ముందు కాగితం మీద రాసుకొని, షిఫ్టు అయిపోయాక ఒక ట్రైనీని బతిమాలి ఎక్కిస్తున్నానని, మొహమాటం కొద్దీ ఎవరికీ చెప్పలేదని చెప్పారు. కన్సల్టెంట్ పటంలో ఈ మాట లేదు, ఉండే అవకాశమూ లేదు. ఆ పని కోసం రోజూ కొంతసేపు ఒక జూనియర్‌ను ఆయన పక్కన కూర్చోబెట్టే ఏర్పాటు చేశాను. జాప్యం చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు ఒకటి గడువు దాటుతూనే ఉంటుంది.

ఇదంతా కోచ్ గారి గొప్పతనమని నేను అనడం లేదు. ఆవిడ చేసిన పని, నా దగ్గరే ఉన్నదాని మీద నా చూపు పడేంతవరకు నన్ను ఆ చోటనే నిలిపి ఉంచడం. మెంటర్ అయితే ఆ నిశ్శబ్దంలో మరొక కథ చెప్పేవారు, శిక్షకుడైతే మరొక పద్ధతి నేర్పేవారు. ఆ నిశ్శబ్దాన్ని భరించి ఊరుకోవడం చూడడానికి తేలిక. ఆ తరువాత నేను నా కెమిస్టుల దగ్గర ప్రయత్నించి చూశాను, ఐదు సెకన్లు దాటితే నోరు ఊరుకోదు.

అయితే దీనికి కొనసాగింపు ఉంది. ఆ సంభాషణ తరువాత సార్ నన్ను ‘అమ్మా’ అనడం మానేసి ‘మేడం’ అనడం మొదలుపెట్టారు. కోపంతో కాదు, మర్యాదగానే. పని సవ్యంగా సాగుతోంది, అంతకన్నా నాకు కావలసింది ఏమీ లేదు. అయినా ఆ పిలుపు నాకు చాలా బాధ కలిగించింది. సాయంత్రం కంపెనీ బస్సు లంకెలపాలెం దాటేసరికే కళ్లు చెమర్చేవి. తరువాతి సెషన్‌లో ఆ మాట చెబుతూ, మా నాన్న గారు పోయి ఏడాది కావస్తోందని, అప్పటి నుంచీ తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తోందని, ఆకలి కూడా తగ్గిందని సందర్భం లేకుండానే చెప్పేశాను.

ఆవిడ కలం కింద పెట్టేశారు. ‘మేడం, ఇక్కడ నేను ఆగాలి. మీరు చెబుతున్నది వినడానికి నాకు అభ్యంతరం లేదు, కానీ దీనికి చికిత్స అవసరమా కాదా అని చెప్పే అర్హత నాకు లేదు. ఇన్నాళ్లుగా నిద్ర లేదంటే దీనిని చూడవలసినవారు వేరే ఉన్నారు’ అన్నారు. నేను నొచ్చుకున్నాను, మీ దగ్గర మాట్లాడితే సరిపోతుంది కదా అని కూడా అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. తమ వృత్తి నియమావళి ప్రకారం, తన పరిధి దాటినది ఎదురైనప్పుడు తగినవారి దగ్గరికి పంపడం తన బాధ్యత అన్నారు.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్న విషయంలో ఆవిడ చెప్పినది చదివేవారికి కూడా ఉపయోగపడవచ్చు. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివి, ఆపైన మనోరోగ వైద్యంలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాటల ద్వారా చికిత్స చేస్తారు. ఆ హోదా వాడుకోవాలంటే 1992 నాటి చట్టం కింద ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదై ఉండాలి, ఆ నంబరు అడిగి చూసుకోవచ్చు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఎక్కడికీ వెళ్లే ధైర్యం చాలకపోతే, కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. ‘కౌన్సెలర్’ అన్న బోర్డు మాత్రం ఎవరైనా పెట్టుకుంటున్నారు కనుక చదువు ఏమిటో, ఎక్కడ శిక్షణ పొందారో అడగకుండా కూర్చోవద్దని ఆవిడ హెచ్చరించారు.

సైకాలజిస్టు దగ్గర మొదటి గంట కోచ్ దగ్గరి మొదటి గంటకు ఏ మాత్రం పోలిక లేకుండా సాగింది. లక్ష్యం ఏమిటని అడగలేదు. నిద్ర ఎప్పటి నుంచి, ఆకలి ఎలా ఉంది, ఇంట్లో ఎవరికైనా ఇలాంటి బాధ ఉందా, చనిపోవాలనిపించిందా అని అడిగి, ఒక ప్రశ్నావళి నింపించి, థైరాయిడ్ పరీక్ష చేయించుకోమన్నారు. బాధకు ఒక పేరుందా, ఉంటే ఎంత తీవ్రత ఉంది, దానికి ఏం చేయాలి అన్నది నిర్ణయించే బాధ్యత సైకాలజిస్టుది, ఆ బాధ్యత చట్టం గుర్తించినది. కోచింగ్ భవిష్యత్తు గురించి, కౌన్సెలింగ్ గతం గురించి అని చాలామంది తేలికగా చెప్పేస్తారు. నాకు ఎదురైనది అలా లేదు. కోచ్ నన్ను పదేళ్ల వెనకటి క్రొమటోగ్రామ్ దగ్గరికి తీసుకువెళ్లారు. సైకాలజిస్టు ఈ వారం ఏ వేళకు పడుకోవాలో, మెలకువ వస్తే ఏం చేయాలో పని చెప్పి పంపారు. తేడా కాలంలో కంటే, మనిషి ఉన్న స్థితిలోనూ, ఎదుట కూర్చున్నవారి చదువులోనూ, పూచీలోనూ ఉందని నేను అనుకుంటున్నాను. పని చేసుకోగలుగుతూ, దానిని ఇంకా బాగా చేసుకోవాలనుకునే మనిషి కోచ్ దగ్గర కూర్చోవచ్చు. నిద్రాహారాలు దెబ్బతిన్న మనిషిని ‘మీ చేతిలో ఉన్నది ఏమిటి’ అని అడగడం క్రూరత్వం అవుతుంది.

కొన్నాళ్లపాటు రెండూ సమాంతరంగా సాగాయి. ఒకచోటి మాట మరొకచోటికి నేను మోసుకుపోతే తప్ప వెళ్లేది కాదు. కోచ్ దగ్గర మళ్లీ పని సంగతులే మాట్లాడుకున్నాము.

కోచింగ్ పనికిరాని చోటు గురించి పైన ఒక మాట అన్నాను. ఆడిట్‌కు ముందు ఒకరోజు, సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఏ డేటాను ఎప్పుడు మార్చారో చూపే ఆడిట్ ట్రయల్‌ను ఏ స్థాయిలో, ఎంత తరచుగా సమీక్షించాలన్న ప్రశ్నతో సెషన్‌కు వెళ్లాను. ఆవిడ పది నిమిషాలు విని, దీనికి జవాబు నియమాల్లో ఉంటుందా, మీలో ఉంటుందా అని అడిగారు. నియమాల్లో ఉంటుంది, నాకు తెలియదు, అంతే. ఆ గంటను ఇద్దరం అక్కడితో ముగించుకున్నాము. తెలియని సంగతిని ఎంత ఆలోచించినా అది మనలో నుంచి ఊడిపడదు, తెలిసినవారిని అడగాలి. ప్రతిదానికీ ‘జవాబు మీలోనే ఉంది’ అనే కోచ్‌లు ఉన్నారని విన్నాను, వారితో జాగ్రత్తగా ఉండడం మంచిది.

జాగ్రత్త అనడానికి మరొక కారణం ఉంది. మన దేశంలో కోచ్‌గా పనిచేయడానికి ప్రభుత్వ లైసెన్సు ఏదీ అవసరం లేదు. హోటల్ హాల్లో లైట్లు, పాటలు పెట్టి, ఇరవై ఒక్క రోజుల్లో జీవితం మారిపోతుందని చెప్పేవారు కూడా లైఫ్ కోచ్ అనే పిలిపించుకుంటారు. అది ఉపన్యాసమో ఉత్సాహ కార్యక్రమమో కావచ్చు, నచ్చినవారు వెళ్లవచ్చు, కానీ ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకొని గంటసేపు వినడంతో దానికి పొంతన లేదు. ఎంచుకునేటప్పుడు చూడదగిన కొలమానం, ఒక మేరకు, పైన చెప్పిన ఫెడరేషన్ ఇచ్చే గుర్తింపు. అందులో మూడు స్థాయిలున్నాయి. మొదటిది ఏసీసీ, దానికి కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి. రెండోదైన పీసీసీకి 125 గంటల శిక్షణ, 500 గంటల అనుభవం. మూడోదైన ఎంసీసీకి 200 గంటల శిక్షణ, 2,500 గంటల అనుభవం. మూడేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి కూడా. మా కోచ్ గారిది పీసీసీ. ఆ స్థాయికి చేరేముందు తానే మరొక సీనియర్ కోచ్ ముందు తన సెషన్లను పరీక్షకు పెట్టవలసి వచ్చిందని ఆవిడ చెప్పినప్పుడు, ఆ నిశ్శబ్దం సహజంగా వచ్చింది కాదని, సాధనతో వచ్చిందని అర్థమైంది. గుర్తింపు ఉన్నంత మాత్రాన మనకు సరిపడతారని హామీ లేదు, అందుకే ఆ మొదటి పరిచయ సమావేశం. ఇక్కడ నచ్చలేదని చెప్పడానికి మొహమాటపడవద్దు.

ఒప్పందం ముగిసినప్పుడు మళ్లీ ముగ్గురం కూర్చున్నాము. మొదట రాసుకున్న లక్ష్యాన్ని ముందు పెట్టుకొని, ఏం జరిగిందో నేనే చెప్పాను. కోచ్ గారు ఒక్క మాట కూడా అదనంగా చేర్చలేదు. మరో ఆరు నెలలు పొడిగిస్తామని హెచ్‌ఆర్ మేనేజరు అంటే వద్దన్నాను. వచ్చే ఏడాది, మందులు ఎంతకాలం చెడకుండా ఉంటాయో పరీక్షించే స్టెబిలిటీ విభాగం రికార్డులన్నీ కాగితం నుంచి కంప్యూటర్‌కు మార్చవలసి ఉంది, ఆ పని మాలో ఎవరూ ఇంతకు ముందు చేయలేదు. ఆ మార్పును మరొకచోట చేయించి ఉన్న కన్సల్టెంట్ ఒకరు కావాలని, కోచింగ్‌కు అనుకున్న బడ్జెట్‌ను దానికి మళ్లించమని రాసి ఇచ్చాను.